ఆర్‌సీ కారుకి హెక్స్ డ్రైవర్లు: ఏ సైజుకి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా అలెన్ కీల (ఆరు పలకల కొన, అంటే హెక్స్ ఉన్న కీల) సెట్టు తీసి చేతిలో పెడతారు. 1.5 నుంచి 10 మి.మీ. దాకా తొమ్మిది కీలు. ఇంట్లో సైకిలుకీ కుర్చీకీ అది బ్రహ్మాండంగా సరిపోతుంది. ఆర్‌సీ కారుకి, అంటే రిమోట్‌తో నడిపే చిన్న కారుకి మాత్రం అందులో పనికొచ్చేవి నాలుగే: 1.5, 2, 2.5, 3. ఆ నాలుగింటిలో సగానికి పైగా పని 2 మి.మీ. మీదే పడుతుంది, ముందుగా పాడయ్యేదీ అదే. అందుకని పది ముక్కల మెరిసే సెట్టు కొనేకంటే, మంచి 2.0 డ్రైవరు ఒక్కటి, మంచి 1.5 ఒక్కటి కొని, మిగతా రెండింటికీ మామూలు సరుకుతో సరిపెట్టుకోవడం మేలు. ఎందుకో, ఏ కంపెనీవి కొనాలో కింద వివరంగా ఉంది.

ముందు స్క్రూల సంగతి. పదో వంతు స్కేలు కార్లలో ఎక్కువగా కనిపించేది ఎం3 స్క్రూ, అంటే మర మందం 3 మి.మీ. ఉన్నది. ఒకే ఎం3కి తల ఆకారాన్ని బట్టి కీ సైజు మారిపోతుంది. తల ఎత్తుగా, పక్కలు నిటారుగా ఉండే క్యాప్ హెడ్‌కి 2.5 పడుతుంది. పైన ఉబ్బుగా ఉండే బటన్ హెడ్‌కి 2.0. ఛాసిస్ అడుగున ప్లేటులోకి దిగిపోయి సమంగా కూర్చునే కౌంటర్‌సంక్‌కి కూడా 2.0. పినియన్‌ని (మోటారు చిన్న గేరుని) షాఫ్టుకి పట్టి ఉంచే, తల లేని ఎం3 గ్రబ్ స్క్రూకి 1.5. ఎనిమిదో వంతు స్కేలు బగ్గీల్లో ఎం4 స్క్రూలు ఎక్కువ. వాటి క్యాప్ హెడ్‌కి 3.0, బటన్ హెడ్‌కీ కౌంటర్‌సంక్‌కీ 2.5. ఆ బండ్ల పినియన్ గ్రబ్ స్క్రూ ఎం4 అయితే 2.0, ఎం5 అయితే 2.5. ఎం2 బటన్ హెడ్ ఉన్న చిన్న కార్లకు 1.3 లేదా 1.25 కావాలి. దాన్ని అవసరం పడ్డప్పుడు విడిగా తెచ్చుకోవచ్చు.

2.0తో ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, బటన్ హెడ్‌లో కీ దిగే గుంట లోతు తక్కువ. ఎం3 క్యాప్ హెడ్‌లో గుంట కనీసం 1.3 మి.మీ. లోతుండాలని ప్రమాణం చెబుతుంది. కౌంటర్‌సంక్‌లో అది 1.1, బటన్ హెడ్‌లో 1.04. అంటే టిప్ (పిడి ముందుండే ఉక్కు కడ్డీ) కొన ఒక్క మిల్లీమీటరు మేర మాత్రమే పట్టుకుంటుంది. దానికి తోడు కీ బలం దాని సైజు ఘనాన్ని బట్టి ఉంటుంది. 2.5 కీ మోయగలిగే మెలికలో (టార్క్‌లో) సగమే 2.0 మోస్తుంది. 2.0 మోసేదాంట్లో 42 శాతమే 1.5 మోస్తుంది. స్క్రూ మాత్రం అదే ఎం3, అదే బిగువు, అదే థ్రెడ్‌లాక్ (మరలు వదులవకుండా వేసే జిగురు). కాబట్టి చిన్న సైజుల్లోనే ఉక్కు నాణ్యత, కొలత కచ్చితత్వం తేలిపోతాయి. 3.0 డ్రైవరు ఎంత నాసిరకమైనా ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, దాని మీద ఎక్కువ ఖర్చు పెట్టడం నా దృష్టిలో దండగ.

కొలత అన్నాను కదా, చాలామంది దాన్ని పట్టించుకోకుండా ఉక్కు పేరు చూసి కొంటారు. హెక్స్ కీల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2936 ప్రకారం 2.0 కీ అడ్డకొలత (ఎదురెదురు పక్కల మధ్య దూరం) 1.96కి తగ్గకూడదు, 2.00 దాటకూడదు. స్క్రూ గుంట 2.02 నుంచి 2.08 దాకా ఉండొచ్చు. టిప్ 2.00, గుంట 2.02 అయితే డ్రైవరు సుమారు ఒక డిగ్రీ ఆడి గట్టిగా పట్టుకుంటుంది. అదే గుంట 2.08 అయితే నాలుగు డిగ్రీలు దాటుతుంది. ఇక నాసిరకం టిప్ 1.93 ఉండి గుంట 2.08 అయితే తొమ్మిది డిగ్రీలు ఆడాకే మూలలు తగులుతాయి. అప్పుడు బరువంతా ఆరు మూలల కొనల మీద పడుతుంది, పక్కల మీద కాదు. ఆ కొనలు అరిగే కొద్దీ ఆట పెరుగుతుంది, ఆట పెరిగే కొద్దీ ఇంకా వేగంగా అరుగుతాయి. టిప్ ఎంత గట్టి ఉక్కైనా అడ్డకొలత తక్కువైతే స్క్రూని తినేస్తుంది. పైగా మరీ గట్టిదైతే స్క్రూయే ముందు పోతుంది, టిప్ నిక్షేపంగా ఉంటుంది. స్క్రూ ఎందుకు గుండ్రబడిందో మీకు అర్థం కాదు.

మన ఊళ్ళలో దీనికి ఇంకో కారణం కలుస్తుంది, ఇసుక. నాగావళి ఒడ్డున ఇసుకలో నడిపినా, కళింగపట్నం తీరాన నడిపినా, విజయనగరం చుట్టూ ఉన్న ఎర్రమట్టి మైదానాల్లో నడిపినా ఛాసిస్ అడుగున కౌంటర్‌సంక్ గుంటలన్నీ నిండిపోతాయి. లోతే 1.1 మి.మీ.; అందులో అర మిల్లీమీటరు మట్టి గట్టిపడితే టిప్ సగమే దిగుతుంది. పైనుంచి చూస్తే దిగినట్టే ఉంటుంది. తిప్పగానే పైకి ఎగదన్ని మూలలు ఒరుసుకుపోతాయి. డ్రైవరు మంచిది కాదని తిట్టుకునే సందర్భాల్లో చాలా వాటికి అసలు కారణం ఇదే. డ్రైవరు పెట్టే ముందు ప్రతి గుంటనీ గుండుసూదితోనో పాత 1.5 కీ కొనతోనో గీకి, పాత టూత్‌బ్రష్షుతో ఒకసారి రుద్ది, నోటితో ఊదండి. కళ్ళు మూసుకుని ఊదాలి, లేదంటే ఆ ఇసుక కంట్లోకే వస్తుంది. సముద్రం ఒడ్డున నడిపితే ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి అదే రోజు తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, స్క్రూ తలల మీద పల్చగా నూనె రాయాలి. నల్ల స్క్రూల గుంటలో తుప్పు పొర పేరుకుంటే గుంట ఇరుకై టిప్ పూర్తిగా దిగదు. అక్కడ బలం పెడితే మళ్ళీ అదే తంతు.

ఇక సరుకు సంగతి.

టపారియా అలెన్ కీలు హార్డ్‌వేర్ షాపుల్లో సులువుగా దొరుకుతాయి. ఎల్ ఆకారపు కీగా మంచి సరుకే, ధరకు తగ్గ పని చేస్తుంది. మొండికేసిన స్క్రూని కదల్చడానికి ఎల్ కీ చిన్న కొమ్ముని గుంటలో పెట్టి పొడవు కొమ్ము పట్టుకుంటే వచ్చే బలం ఏ డ్రైవరు పిడితోనూ రాదు. అందుకే ఎంత ఖరీదైన డ్రైవర్లు ఉన్నా ఈ సెట్టు పెట్టెలో ఉండాల్సిందే. రోజువారీ పనికి మాత్రం కష్టం: ఒక డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలకీ శక్తి పంచే గేర్ల పెట్టె) విప్పాలంటే పదీ పన్నెండు స్క్రూలు, ఒక్కొక్కటీ ఎల్ కీతో అరచుట్టు అరచుట్టుగా తిప్పుతూ కూర్చోవాలి. కొన అరిగితే గ్రైండరు మీద కొద్దిగా కోసేసుకోవచ్చు, ఎన్నిసార్లైనా. ఖరీదు తక్కువ కాబట్టి మనసు నొప్పి పుట్టదు.

ఆన్‌లైన్‌లో కనిపించే రంగురంగుల అల్యూమినియం పిడి, బంగారు రంగు టిప్ ఉన్న నాలుగు ముక్కల చైనా సెట్లు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళందరి చేతిలోనూ ఉంటాయి. ఆ బంగారు రంగు టైటానియం నైట్రైడ్ పూత, మందం కొన్ని మైక్రాన్లు. ఒరిపిడి కొంత తగ్గిస్తుంది, అంతే. కింద ఉక్కు మెత్తదైతే పూత దాన్ని గట్టిపరచలేదు. ఈ సెట్లలో చిక్కేమిటంటే ఒకే పెట్టెలో 2.5 సరిగ్గా ఉండి 1.5 వదులుగా రావచ్చు. ఇంకో పెట్టెలో దానికి తిరగబడి ఉండొచ్చు. కాబట్టి చేతికి రాగానే కొలిచి చూసుకోవాలి, బాగోకపోతే వెనక్కి పంపేయాలి. ఇంకోటి, టిప్ పిడిలో ఒక చిన్న గ్రబ్ స్క్రూ పట్టుతో ఉంటుంది. అది వదులైతే గట్టిగా తిప్పినప్పుడు పిడి తిరుగుతుంది, టిప్ తిరగదు. టిప్ బయటికి తీసి, గ్రబ్ స్క్రూ తగిలే చోట ఆకురాయితో చిన్న చదును చేసి, నీలం థ్రెడ్‌లాక్ చుక్క వేసి బిగిస్తే ఆ బాధ పోతుంది. 2.5, 3.0 సైజులకు ఈ సెట్టు ధారాళంగా వాడుకోవచ్చు. 1.5, 2.0 మాత్రం వేరే కొనండి.

వెరా జర్మన్ కంపెనీ. వాళ్ళ హెక్స్ ప్లస్ ఆకారంలో బలం మూలల కొనల మీద కాకుండా పక్కల మీద కాస్త వెడల్పుగా పడేలా చెక్కుతారు. సగం అరిగిన గుంటలో కూడా ఇది పట్టు చిక్కించుకుంటుంది, కొత్త గుంటని తక్కువగా పాడుచేస్తుంది. ఆర్‌సీ పనికి క్రాఫ్ట్‌ఫార్మ్ మైక్రో వరుసలోని సన్నని డ్రైవరు 2.0లోనూ 1.5లోనూ తీసుకోవచ్చు. పైన విడిగా తిరిగే టోపీ ఉంటుంది, అరచెయ్యి అక్కడ ఆనించి వేళ్ళతో గిరగిరా తిప్పేయవచ్చు. లోపం పిడిదే: ఎలక్ట్రానిక్స్ పనికోసం చేసింది కాబట్టి సన్నగా ఉంటుంది. థ్రెడ్‌లాక్ పడ్డ మోటారు స్క్రూని దాంతో కదల్చాలంటే వేళ్ళు నొప్పెడతాయి. కదల్చడం ఎల్ కీతో, తిప్పడం వెరాతో చేస్తే జోడీ బాగా కుదురుతుంది. ధరకి ఇచ్చే పని చూస్తే ఈ వరుసలో నా ఓటు దీనికే.

బోండస్ అమెరికాది, మిన్నెసోటా రాష్ట్రంలో తయారీ. బంతి కొన కీని లోకానికి పరిచయం చేసింది వాళ్ళే. ప్రొటేనియం అని వాళ్ళు పిలుచుకునే ఉక్కు నిజంగానే గట్టిది, కొలత కచ్చితంగా ఉంటుంది. కానీ ఆర్‌సీ వాళ్ళు బోండస్ కొనేటప్పుడు బంతి కొన ఉన్నది కాకుండా మామూలు కొన ఉన్నది ఎంచుకోవాలి. బంతి కొనతో 25 డిగ్రీల వాలులోనూ తిప్పొచ్చు, సందుల్లో ఉన్న స్క్రూకి చెయ్యి అందుతుంది, అది నిజమే. దానికోసం బంతి వెనక మెడ సన్నగా చెక్కుతారు. 2.0లో ఆ మెడ ఎంత సన్నగా ఉంటుందో ఊహించుకోండి. బలం పెడితే మెడ దగ్గర తెగి బంతి గుంటలోనే ఇరుక్కుపోతుంది. గట్టి ఉక్కు కాబట్టి డ్రిల్లు బిట్టు కూడా దాన్ని సులువుగా తినదు. పైగా ఒక మిల్లీమీటరు లోతు గుంటలో బంతి సగం దిగి మూలల్ని గీరేస్తుంది. బంతి కొన 2.5లో ఒకటి ఉంచుకోండి, ఇప్పటికే వదులైన స్క్రూని బయటికి తిప్పడానికి మాత్రమే. 1.5, 2.0 బంతి కొనలు అసలే వద్దు.

ఎంఐపీ కాలిఫోర్నియా కంపెనీ, వాళ్ళ థార్ప్ డ్రైవర్లు ఆర్‌సీ రేసుల వాళ్ళకి బాగా తెలిసినవే. టిప్ గుంటలో బిగుతుగా కూర్చుంటుంది. కొత్త స్క్రూలో కాస్త నొక్కితే గానీ దిగదు, అది లోపం కాదు, దానికోసమే ఆ డబ్బు. మట్టి ఉన్న గుంటలో మాత్రం అసలు దిగదు, ఇది శుభ్రం చేయని చేతికి శిక్ష. స్క్రూని టిప్ కొనకు గుచ్చి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళొచ్చు, జారి ఛాసిస్‌లో పడదు. పిడి గరుకుగా చెక్కిన అల్యూమినియం. చెమట చేతులతో వేసవిలో పట్టుకున్నా జారదు. పావు అంగుళం బిట్ రూపంలో స్పీడ్ టిప్ అని కూడా అమ్ముతారు, ఎలక్ట్రిక్ డ్రైవరు ఉన్నవాళ్ళకి.

హూడీ స్లొవాకియా సరుకు, ఎక్స్‌రే కార్ల వాళ్ళదే. పిడి లావుగా తేలిగ్గా ఉంటుంది, టిప్ పొడవు 120 మి.మీ. కాబట్టి షాక్ టవరు వెనకా, మోటారు మౌంటు లోపలా నిటారుగా అందుతుంది. నిటారుగా పెట్టగలగడం చిన్న విషయం కాదు. వంకరగా పెట్టిన టిప్ రెండు మూలలతోనే పట్టుకుంటుంది. అరిగిన టిప్ ఒక్కటే మార్చుకోవచ్చు, పిడి అలాగే ఉంటుంది. ధర మాత్రం గుండె ఝల్లుమనిపిస్తుంది: ఒక్క డ్రైవరు డబ్బుతో హార్డ్‌వేర్ షాపు అలెన్ సెట్లు నాలుగైదు వస్తాయి, బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం వేరే. ప్రతి వారం కారు విప్పేవాళ్ళకే ఇది గిట్టుబాటు. నెలకోసారి నడిపేవాళ్ళు వెరాతో ఆగిపోవచ్చు.

పార్శిల్ రాగానే చేయాల్సిన పరీక్ష. డిజిటల్ వెర్నియర్‌తో టిప్ చివరి రెండు మిల్లీమీటర్ల దగ్గర మూడు జతల పక్కలనీ విడివిడిగా కొలవండి. మామూలు వెర్నియర్ 0.02 మేర తప్పు చూపొచ్చు, కాబట్టి 2.0 టిప్ 1.97 వచ్చిందని కంగారుపడక్కర్లేదు. 1.95 కన్నా తక్కువ వస్తే తిప్పి పంపండి. మూడు కొలతలూ ఒకటిగా లేకపోయినా అంతే. తర్వాత కొన చూడండి: అడ్డంగా సమంగా కోసి ఉండాలి, అంచు మరీ వాలుగా చెక్కి ఉండకూడదు. దుకాణాల్లో అందంగా కనిపించే పెద్ద వాలు అంచు అర మిల్లీమీటరు తినేస్తే బటన్ హెడ్‌లో మిగిలే పట్టు సగమే. చివరికి కొత్త క్యాప్ హెడ్ స్క్రూలో పెట్టి డ్రైవరుని అటూ ఇటూ ఆడించండి. స్క్రూ తల కదలకుండా పిడి ఎంత ఆడుతుందో చేతికే తెలుస్తుంది. పాత స్క్రూ మీద ఈ పరీక్ష చేస్తే మంచి డ్రైవరుకి చెడ్డపేరు వస్తుంది.

ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవరు గురించి రెండు ముక్కలు. 3.6 వోల్టుల చిన్నది, మెలిక పరిమితి సర్దుకునే క్లచ్ ఉన్నది అయితేనే పనికొస్తుంది. స్క్రూని లోపలికి తోలడానికి మాత్రమే దాన్ని వాడి, ఆఖరి బిగింపు చేత్తోనే చేయాలి. ప్లాస్టిక్‌లోకి వెళ్ళే స్క్రూని యంత్రంతో ఆఖరిదాకా తోలితే మరలు చీలిపోతాయి. గోడకి కన్నాలు వేసే ఇంపాక్ట్ డ్రిల్లు దగ్గరికి కూడా తీసుకురాకండి.

పాత కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళు ముందుగా చూడాల్సింది, స్క్రూలు మి.మీ.వా, అంగుళాలవా అని. పాత అమెరికా కార్లలో 1/16, 5/64, 3/32 అంగుళాల గుంటలు ఉండేవి. 5/64 అంటే 1.98 మి.మీ., కాబట్టి 2.0తో పని నడిచిపోతుంది. ఆ ధైర్యంతో మిగతావాటికీ మి.మీ. కీలు పెడతారు, అక్కడే దెబ్బతింటారు. 1/16 అంటే 1.59, అందులో 1.5 టిప్ ఎనిమిది డిగ్రీల దాకా ఆడి గుంట తినేస్తుంది. 3/32 అంటే 2.38, అందులో 2.5 దూరదు, 2.0 పట్టదు. అలాంటి కారుకి అంగుళాల ఎల్ కీల చవక సెట్టు ఒకటి తెచ్చుకోండి. అంతేగానీ విప్పిన స్క్రూని విప్పినట్టే మి.మీ. స్క్రూతో మార్చేద్దామని అనుకోకండి. మరలు కూడా అంగుళాలవే. టామియా టీటీ-02 లాంటి కిట్లలో ఈ గొడవ లేదు, అక్కడ ఎక్కువ భాగం ప్లస్ స్క్రూలు. వాటికి జపాన్ ప్రమాణమైన జేఐఎస్ కొన ఉన్న రెండో నంబరు డ్రైవరు కావాలి, వెసెల్ కంపెనీవి దొరుకుతాయి. మామూలు ఫిలిప్స్ పెడితే బిగించేటప్పుడు పైకి ఎగదన్నుతుంది. ఆ కార్లలోనూ పినియన్‌కి 1.5 హెక్స్ తప్పదు.

టిప్ అరిగిందని గుర్తుపట్టడం సులువు: దీపం వెలుతురులో మూలలు సన్నని తెల్ల గీతల్లా మెరుస్తాయి. కొత్త టిప్‌లో అవి మెరవవు. అప్పుడు పారేయక్కర్లేదు. కొన నుంచి ఒకటి, ఒకటిన్నర మి.మీ. కోసేస్తే లోపల కొత్త మూలలు వస్తాయి. లేత్ షాపులో బెంచ్ గ్రైండరు ఉంటుంది, నిమిషం పని. చక్రానికి టిప్‌ని నిటారుగా ఆనించి, రెండు సెకన్లు తాకించి నీళ్ళలో ముంచడం, మళ్ళీ తాకించడం. కొన నీలం రంగు తిరిగిందంటే టెంపర్, అంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే. ఆ నీలం భాగం మొత్తం కోసేయాలి, లేకపోతే అది మైనంలా అరుగుతుంది. షాపువాడికి ఈ మాట ముందే చెప్పండి, వాళ్ళు మందపు ఇనుము అరగదీసే అలవాటులో ఒక్కసారిగా నొక్కేస్తారు. కోసిన అంచు మీద మిగిలిన పొరని నూనె రాసిన సానరాయి మీద తీసేయాలి. బంతి కొనకి ఈ వైద్యం పనికిరాదు, కోసేస్తే అది మామూలు కొన అవుతుంది, అంతే. అది కూడా నష్టమేమీ కాదు.

డ్రైవరు మార్చినా స్క్రూలు పాతవే ఉంటే డబ్బు సగం వృథా. బండితో వచ్చే స్క్రూల్లో కొన్ని మెత్తగా ఉంటాయి. మెటల్‌లోకి వెళ్ళేచోట, అంటే మోటారు మౌంటు, డిఫరెన్షియల్ కప్పు, హబ్బుల దగ్గర 12.9 బలం గ్రేడు ఉన్న నల్ల స్క్రూలు వేయండి. నట్లు బోల్టులు అమ్మే షాపుల్లో అన్‌బ్రాకో సరుకు అడగొచ్చు. ఎం3 దొరకకపోతే విశాఖలో ప్రయత్నించాలి. ప్లాస్టిక్‌లోకి వెళ్ళేచోట ఏ2-70 గ్రేడు స్టెయిన్‌లెస్ చాలు, తీరం దగ్గర నల్ల స్క్రూలంత తొందరగా తుప్పు పట్టదు. స్టెయిన్‌లెస్ గుంట మెత్తగా ఉంటుంది కాబట్టి థ్రెడ్‌లాక్ పడేచోట దాన్ని వాడకపోవడం మంచిది. ఉప్పునీళ్ళు తగిలే అల్యూమినియం భాగంలో స్టెయిన్‌లెస్ స్క్రూ చాలాకాలం ఉంటే అల్యూమినియం తెల్లగా పొడిపొడి అవుతుంది, కొద్దిగా గ్రీజు పూసి బిగించండి. ఇంకో చిట్కా: బటన్ హెడ్ ఉన్నచోట తల ఎత్తు అడ్డం రాకపోతే క్యాప్ హెడ్ వేసేయండి. ఎం3లో తల ఎత్తు 1.65 నుంచి 3 మి.మీ. అవుతుంది, వెడల్పు దాదాపు అంతే. కీ 2.0 బదులు 2.5 అవుతుంది, బలం రెట్టింపు. సస్పెన్షన్ చేతుల దగ్గర రాసుకోకుండా చూసుకుంటే చాలు.

ఇంత చేసినా ఎప్పుడో ఒక గుంట గుండ్రబడుతుంది. ముందు థ్రెడ్‌లాక్ ఉందేమో ఆలోచించండి. నీలం రకమైతే 350 డిగ్రీల సోల్డరింగ్ ఐరన్ కొనని స్క్రూ తల మీద 30, 40 సెకన్లు ఆనిస్తే మెత్తబడుతుంది. వెంటనే తిప్పాలి, చల్లారితే మళ్ళీ పట్టేస్తుంది. చుట్టూ నైలాన్ ప్లాస్టిక్ ఉంటే వ్యవధి తగ్గించి రెండు మూడు విడతలుగా వేడి చేయండి. ఎరుపు రకం దీనికంటే మొండిది. వేడికీ రాకపోతే టార్క్స్ (ఆరు పళ్ళ నక్షత్రం ఆకారపు) బిట్టు ఉపయోగం. గుండ్రబడ్డ 2.0 గుంటలో టీ8, 1.5లో టీ6, 2.5లో టీ10 చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసి దింపితే, ఆరు పళ్ళు గుంట గోడల్లోకి కోసుకుని పట్టుకుంటాయి. పైనుంచి గట్టిగా నొక్కి మెల్లగా తిప్పితే చాలావరకు వచ్చేస్తుంది. తర్వాత ఆ స్క్రూని చెత్తబుట్టలోకే, మళ్ళీ బిగించొద్దు. రబ్బరు బ్యాండు పెట్టే చిట్కా ఇంత చిన్న గుంటల్లో పెద్దగా పనిచేయదు. తల పైకి తేలి ఉంటే మినీ గ్రైండరు కటింగ్ చక్రంతో అడ్డంగా గాడి కోసి మైనస్ స్క్రూడ్రైవరు పెట్టొచ్చు. ఛాసిస్‌లోకి దిగిన కౌంటర్‌సంక్‌కి ఆ అవకాశం లేదు, అక్కడ తలని డ్రిల్లుతో తినేసి ప్లేటు తీశాక మిగిలిన కాడని ప్లయరుతో తిప్పాలి.

పినియన్ గ్రబ్ స్క్రూ దగ్గర మాత్రం వీటిలో ఏదీ సులువు కాదు, అందుకే 1.5కి మంచి డ్రైవరు కావాలని మొదట్లోనే చెప్పింది. 3.17 మి.మీ. షాఫ్టు చదును భాగానికి ఎదురుగా గ్రబ్ స్క్రూ రావాలి. గుండ్రటి భాగం మీద బిగిస్తే ఎంత బిగించినా జారుతుంది, జారిందని ఇంకా బిగిస్తారు, గుంట పోతుంది. గ్రబ్ స్క్రూ మరలనీ పినియన్ రంధ్రాన్నీ ఆల్కహాలుతో తుడిచి, నీలం థ్రెడ్‌లాక్ చిన్న చుక్క వేసి, 1.5 టిప్ అడుగు దాకా తగిలిందని చూసుకుని, రెండు వేళ్ళతో పిడి పట్టుకుని బిగించండి. పిడిని గుప్పిట్లో పట్టుకుని బలం పెట్టొద్దు, టిప్ మెలితిరుగుతుంది. పినియన్ కొన్నప్పుడు దాంతో వచ్చిన గ్రబ్ స్క్రూని పక్కన పెట్టి గట్టి ఉక్కుది (45హెచ్ గ్రేడు) వేసుకోవచ్చు, ఒకే పొడవు ఉండేలా చూసుకుంటే. రెండుసార్లు విప్పి బిగించాక గ్రబ్ స్క్రూని మార్చేయండి. పది గ్రబ్ స్క్రూల పొట్లం పెట్టెలో ఉంచుకుంటే ఆదివారం మధ్యాహ్నం షాపులన్నీ మూసి ఉన్నప్పుడు ఉపయోగపడుతుంది.